ఇంటిపట్టున పని: అరుగు నుంచి ల్యాప్‌టాప్ దాకా

‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అనే మాట 2020లో కరోనాతో పాటే మన ఇళ్లలోకి వచ్చిందని అనుకుంటాం. అంతకుముందు కొలువంటే ఏముంది? పొద్దున్నే డబ్బా కట్టుకుని గడప దాటడం, చీకటి పడ్డాక తిరిగి రావడం. మా మెదక్ వాళ్లకైతే హైదరాబాద్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే అదే పెద్ద పండగ. కానీ రెండు తరాలు వెనక్కి వెళ్లి చూడండి. మన ఇళ్లలో కాపురమూ కొలువూ విడివిడిగా ఉన్న రోజులు తక్కువ, కలిసి ఉన్న రోజులే ఎక్కువ.

డిగ్రీలో తెలుగు చదువుకున్నందుకో ఏమో, కొత్త మాట ఏది విన్నా దానికి మన పాత మాట ఏముందా అని వెతకడం నాకు అలవాటు. దీనికి ‘ఇంటిపట్టున’ అనే చక్కని మాట ఉంది. కానీ దానితో ఒక చిక్కు. ‘ఆయన ఇంటిపట్టునే పని చూసుకుంటడు’ అంటే గౌరవం. ‘ఆమె ఇంటిపట్టునే ఉంటది’ అంటే మాత్రం ఆమెకు ఏ పనీ లేదని అర్థం. ఒకే మాటకు ఆయన దగ్గర ఒక విలువ, ఆమె దగ్గర ఇంకో విలువ ఎట్లా వచ్చాయి? ఆ సంగతి మన ఇళ్ల చరిత్రలోనే ఉంది.

పాత ఇళ్లకు ముందు అరుగులుండేవి. వీధి బడి పంతులు ఆ అరుగు మీదే పిల్లలకు ఓనమాలు దిద్దించేవాడు. ఊరి పట్వారీకి వేరే ఆఫీసు ఉండేది కాదు. పహాణీలు, శిస్తు లెక్కలు, దఫ్తరం అంతా ఆయన ఇంట్లోనే. భూమి పని పడ్డవాళ్లు ఆయన గడప ముందుకే వచ్చి నిలబడేవాళ్లు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసేదాకా చాలా ఊళ్లలో ఇదే తీరు. నాడి చూసి మందిచ్చే వైద్యుడిదీ అంతే.

ఇవన్నీ ఇంట్లో చేసిన కొలువులే. అయినా వాళ్లను ఎవరూ ‘ఇంట్లో కూర్చున్నాడు’ అనలేదు. ఎందుకంటే వాళ్ల పనికి ఇంటి ముందు భాగంలో ఒక జాగా ఉంది, దానికొక వేళ ఉంది. పిల్లలు అటు పరుగెత్తితే ‘పనిలో ఉన్నరు, పోవద్దు’ అని లోపలికి లాక్కొచ్చేవాళ్లున్నారు. దాహమైతే చల్ల గ్లాసు బయటికి అందించేవాళ్లున్నారు. ఆ లాక్కొచ్చిన చెయ్యీ, అందించిన చెయ్యీ లోపలి ఆడవాళ్లవే. ఆ ఆడవాళ్ల పనికి అరుగు లేదు, వేళా లేదు.

నా పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ మగ్గం ఇళ్లే. మా అత్తమ్మ సిద్దిపేట ఆడపడుచు. నెత్తిన చల్లకుండ పెట్టుకుని నడిచే గొల్లభామ బొమ్మను చీర మీదికి తెచ్చిన ఊరు అది. అక్కడ గుంట మగ్గం నడింట్లోనే ఉండేది. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేవాళ్లు. మగ్గం మీద కూర్చునేది ఎక్కువగా మగవాళ్లు. ఆ మగ్గం ఆడాలంటే అంతకుముందు నూలు తోడాలి, కండెలు చుట్టాలి, పోగులు అతకాలి. అదంతా ఆడవాళ్లది, పిల్లలది. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే పక్కన రాట్నం తిరిగేది. నేసినాయన ‘నేతగాడు’ అయ్యాడు. చుట్టినామె ‘ఇంట్ల సాయం చేస్తది’ అయింది.

ఆ సాయం ఎంతటిదో చింతకింది మల్లేశం కథ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో ఆయన వాళ్లమ్మ లక్ష్మి పోచంపల్లి పద్ధతి చీరలకు ఆసు పోసేది. అర్ధచంద్రంలా నాటిన మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పడమే ఆసు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు తిరగాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 వేల సార్లు. భుజం పోతున్నదని తల్లి బాధపడుతుంటే, పెద్దగా చదువుకోని ఆ కొడుకు ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు పోసే యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. నాకు ఆ కథలో యంత్రం కన్నా గొప్పగా అనిపించేది ఇంకొకటి. ఇంట్లో రోజూ కళ్ల ముందు జరిగేదాన్ని అతను ‘పని’గా చూశాడు, దానిలోని నొప్పిని లెక్కపెట్టాడు.

దేశం లెక్క కూడా చివరికి అదే చెప్పింది. 2019-20 చేనేత గణన ప్రకారం మన దేశంలో నేతగాళ్లు, అనుబంధ పనివాళ్లు కలిపి 35 లక్షల పైచిలుకు. అందులో 72 శాతం ఆడవాళ్లే.

మా అమ్మ దుబ్బాకలో బీడీలు చుట్టింది. మరమగ్గాలు వచ్చి చేతిమగ్గం తిండి పెట్టని రోజుల్లో మా నాన్న చాలామంది లాగే భీవండికి పోయాడు. ఇల్లు నడిచింది అమ్మ చాట మీద. రాత్రి తునికాకును తడిపి గుడ్డలో చుట్టి పెట్టేది. పొద్దున ఆకులను కొలతకు కత్తిరించేది. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి వంచి, దారం కట్టేది. 25 బీడీలకు ఒక కట్ట. వెయ్యి చుడితే ఆ రోజు పని అయినట్టు. సాయంత్రం కార్ఖానాలో అప్పజెబితే బాగాలేవన్నవి పక్కకు తీసేసి మిగతావి లెక్క రాసేవాళ్లు. ఆ వెయ్యి మధ్యలోనే వంట, నీళ్లు మోయడం, నాకు జడలు వెయ్యడం, చెల్లెకు పాలివ్వడం. తంబాకు ఘాటుకు రాత్రిళ్లు దగ్గేది. ‘మీ అమ్మేం చేస్తది?’ అని బళ్లో అడిగితే ‘ఇంట్లనే ఉంటది’ అనడమే మాకు నేర్పారు.

తమాషా ఏమిటంటే, ఇల్లు గుర్తించని ఆ పనిని చట్టం ఏనాడో గుర్తించింది. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, చుట్ట కార్మికుల చట్టంలో, యజమానో కంట్రాక్టరో ఇచ్చిన సరుకుతో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మనిషి కూడా కార్మికులేనని రాశారు. ప్రసూతి సౌకర్యాల చట్టం వాళ్లకూ వర్తిస్తుందని అదే చట్టం చెప్పింది. ‘టెలికమ్యూటింగ్’ అనే మాటను అమెరికాలో జాక్ నిల్స్ అనే ఇంజనీరు పుట్టించింది 1973లో. ఆఫీసుకు మనుషులను మోసే బదులు పనినే ఇంటికి పంపొచ్చు కదా అని ఆయన ఆలోచన. అప్పటికే మన దేశంలో ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఒక చట్టం ఏడేళ్ల పాతది. అందులో ఉన్నది మా అమ్మలాంటి వాళ్లు.

అమ్మ పేరు అచ్చులో నేను మొదటిసారి చూసింది పీఎఫ్ కార్డు మీదే. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది. 2019లో అది 2016 రూపాయలైంది. ఆ కార్డు ఉన్నందుకే అమ్మకు అది వచ్చింది. డబ్బు అందుకున్న రోజు అమ్మ సంతోషపడింది గానీ, ఆమె పదిమందికీ చెప్పుకున్నది వేరే మాట. ‘నేను కార్మికురాలినని రాసిన్రు’ అని.

అటు గోదావరి జిల్లాలోనూ ఇదే కథ. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా క్రోషా సూదితో లేసులు అల్లుతున్నారు. ఆ లేసులు ఓడలెక్కి పై దేశాలకు పోయాయి. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ వాళ్ల మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకం రాసింది. రోజుకు గంటల కొద్దీ అల్లే ఆ మనుషులను అందరూ ‘గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు’ అనడం వల్లే వాళ్ల కూలి అంత తక్కువగా ఉందని ఆమె తేల్చింది. ‘తీరిక’ అన్న ఒక్క మాటతో కూలి తగ్గించవచ్చన్నమాట! మన అహ్మదాబాదులో ఇళా భట్ 1972లో మొదలుపెట్టిన ‘సేవ’ సంఘం ఇట్లాంటి ఆడవాళ్ల కోసమే పోరాడింది. ఆ పోరాటాల ఫలితంగా 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక ఒప్పందం తెచ్చింది. దాని మీద మన దేశం ఇంకా సంతకం పెట్టలేదు.

ఇంత కష్టం చెప్పాను కదా, ఆ ఇళ్లలో సంతోషం లేదా అంటే, ఉంది. బాగా ఉంది. మధ్యాహ్నం అయిదారుగురు ఆడవాళ్లు తమ తమ చాటలు పట్టుకుని మా వాకిట్లో వేపచెట్టు కిందికి చేరేవాళ్లు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నోళ్లకు స్వేచ్ఛ. రేడియోలో పాట వస్తుంటే గొంతు కలిపేవాళ్లు. ఒకామె ఇంటి నుంచి మక్క గుడాలు, ఇంకొకామె ఇంటి నుంచి సర్వపిండి ముక్క. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మిగతావాళ్లు తలా నాలుగు కట్టలు చుట్టి ఆమె లెక్కలో కలిపేవాళ్లు. ఆ చాయ్, ఆ ముచ్చట ఎవరూ వాళ్లకు ఇచ్చినవి కావు. వెయ్యి బీడీల మధ్యలో నుంచి వాళ్లు తీసుకున్నవి. ఒక్కరే మూలన కూర్చుంటే అది దొరికేది కాదు. పదిమందీ కలిసి కూర్చున్నారు కాబట్టి దొరికింది.

ఇక 2020. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. కొన్నాళ్లకు దారులు తెరవగానే మా మరిది, యారాలు, వాళ్ల పాప హైదరాబాద్ నుంచి మెదక్ వచ్చేశారు. ఇద్దరిదీ సాఫ్ట్‌వేరే. ఒక్క నెల అనుకున్నది రెండేళ్లయింది.

ఆ రోజుల్లోని చిన్న చిన్న సుఖాలు ఇప్పుడు తలచుకున్నా బాగుంటాయి. చల్లారిన డబ్బా అన్నం తినే మనిషి, పొయ్యి మీద నుంచి దింపిన జొన్నరొట్టెను పచ్చిపులుసుతో తినడం. బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కి, ఎండలో మెదక్ ఖిల్లాను చూస్తూ రెండు నిమిషాలు నిలబడడం. ట్రాఫిక్‌లో పోయే రెండు గంటలు పాపకు కథ చెప్పడానికి మిగలడం. అన్నిటికన్నా బతుకమ్మ. మా యారాలు పెళ్లయ్యాక ఏటా సద్దుల రోజుకు పరుగున వచ్చి, మరునాడే పోయేది. 2020 అక్టోబరులో మాత్రం ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఇంట్లోనే ఉంది. లాగౌట్ అవ్వగానే తంగేడు, గునుగు ముందేసుకుని కూర్చునేది. ఆ ఏడు బయట గుంపులు లేవు. మా వాకిట్లో మేమే నలుగురం తిరిగాం.

మరి అరుగు ఎవరికి వచ్చింది? అడగకుండానే మరిదికి వచ్చింది. ముందు గది, బల్ల, కుర్చీ, తలుపు ఆయనవి. ఆయన మీటింగులో ఉంటే మిక్సీ కూడా వేసేవాళ్లం కాదు. అదే జీతం, అదే పని ఉన్న యారాలు మాత్రం పడకగది మూలన, మంచం మీద దిండు పెట్టుకుని, దాని మీద ల్యాప్‌టాప్. పాప ఒళ్లో ఎక్కేది. పాలవాడొస్తే ఆమే లేచేది. చుట్టాలొస్తే ‘ఇంట్లనే ఉన్నవు గదా, జర చాయ్ పెట్టు’ అనేవాళ్లు. ఆమె మైకు మూసి, చాయ్ పెట్టి, మళ్లీ మైకు తెరిచేది. రాత్రి పదకొండుకు మిగిలిన పని. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. సెలవు అయ్యాక, చేసే పని అందుకు వీలైనదైతే, కంపెనీ ఒప్పుకుంటే తల్లి ఇంటి నుంచి పని చేయవచ్చని కూడా రాశారు. మంచిదే. కానీ ఇంట్లో ఆమెకు తలుపున్న గది ఇవ్వాలని ఏ చట్టమూ రాయలేదు. అది రాయవలసింది మనమే.

మా ఇంట్లో అది రాసింది అత్తమ్మ. ఒకరోజు చుట్టాల ముందే యారాలిని చాయ్ కోసం పిలిస్తే ఆమె అడ్డం పడింది. ‘నేను కండెలు చుట్టుకుంట కూసుంటే ఇంటిల్లిపాది నన్ను దాటుకుంట తిరిగిన్రు. పని చేస్తున్న అని ఒక్కలన్న అనలే. ఈ పిల్లను గట్ల చెయ్యకున్రి’ అంది. మరునాడే పాత బీరువాలు, బస్తాలు పెట్టుకునే చిన్న గది ఖాళీ చేయించింది. ఆ సామానంతా దింపి, మోసి, కడిగింది ఎవరనుకున్నారు? మరిది, మా ఆయన. ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక తలుపు. అంతే. దాంతో యారాలి పని రాత్రి పదకొండు నుంచి సాయంత్రం ఆరుకు వచ్చేసింది. పదకొండింటి చాయ్ వంతులవారీగా మగవాళ్లకు కూడా పడింది. మొదట్లో అది చాయ్‌లా ఉండేది కాదు, తర్వాత తర్వాత అలవాటైంది.

ఇదేదో మా ఒక్క ఇంటి గొడవ కాదని చెప్పడానికి ఇంకో లెక్క. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికి పెడుతున్నారు. చేసే మగవాళ్లు పెడుతున్నది 97. మధ్యలో కరోనా వచ్చింది, లక్షల మంది మగవాళ్లు ఇంట్లో కూర్చున్నారు, పోయారు. 2024 సర్వేలో చూస్తే ఆడవాళ్లవి 289, మగవాళ్లవి 88. మన పని పది నిమిషాలు తగ్గింది, వాళ్లది తొమ్మిది నిమిషాలు తగ్గింది. మనిషి ఇంట్లో ఉన్నంత మాత్రాన ఇంటి పని పంచుకున్నట్టు కాదని ఇంతకన్నా వివరంగా ఎవరు చెప్పాలి?

అందుకే, ఇంటి నుంచి పని చేస్తే చిన్న చిన్న సంతోషాలు దొరుకుతాయని ఎవరైనా అంటే నేను కాదనను. వేడి రొట్టె, డాబా మీది ఎండ, బతుకమ్మ పూలు అన్నీ నిజమే. కానీ ఆ రొట్టె ఎవరు కాల్చారు, వాళ్లు వేడిగా తిన్నారా అని కూడా చూస్తాను. ఒకరి సుఖం ఇంకొకరి పనిగా మారితే దాన్ని సుఖం అనడం ఎందుకు? మా అమ్మ వాకిట్లో అట్లా జరగలేదు. అక్కడ అందరి చేతుల్లోనూ పని ఉండేది, అందరి చేతుల్లోనూ చాయ్ ఉండేది.

2022లో మరిదిని ఆఫీసుకు రమ్మన్నారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే మా ఊరికి రైలు కూడా వచ్చింది. ఆయన వారమంతా హైదరాబాదులో ఉండి శనివారం వస్తాడు. యారాలు, పాప ఇక్కడే ఉండిపోయారు. నెలకు రెండుసార్లు ఆమె ఆఫీసుకు పోయి వస్తుంది. రోజూ నాలుగింటికి ఆమె ల్యాప్‌టాప్ మూస్తుంది, నేను పొయ్యి కట్టేస్తాను, అత్తమ్మ టీవీ ఆపుతుంది. ముగ్గురం డాబా ఎక్కి అరగంట కూర్చుంటాం. అమ్మ వచ్చినప్పుడు నలుగురం. ఆ అరగంట ఎవరికైనా ఏదైనా కావాలంటే వాళ్లే తీసుకోవాలి. మొదట్లో కింద నుంచి పిలుపులు వచ్చేవి. ఇప్పుడు రావడం లేదు.

ఆ చిన్న గదిలో బల్ల మధ్యాహ్నం రెండింటికి ఖాళీగా ఉంటుంది. యారాలు అన్నం తిని కాసేపు నడుం వాల్చే వేళ అది. ఆ గంట బల్ల నాది. ఇది రాస్తున్నది అక్కడే. తలుపు వేసుకున్నాను. అత్తమ్మ ఒకసారి తట్టింది గానీ, ‘రాస్తున్నవా? రాయి రాయి’ అని వెళ్లిపోయింది.